పొగచూరిన ముడుపు

గంగి ఇంట్లో దూలానికి ఒక ముడుపు వేలాడుతూ ఉంది. కొబ్బరికాయను బట్టలో చుట్టి, నాలుగు కొసలూ కలిపి ముడి వేసి కట్టింది. దాని కింద కట్టెల పొయ్యి. మూడేళ్ల పొగకు బట్ట నల్లబడి, జిడ్డు పట్టింది. అసలు రంగేమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

పసుపు బట్ట అయితే గుడికి. ఆకుపచ్చ అయితే దర్గాకు. తెల్లది అయితే మరియమ్మ చర్చికి. బయ్యారం రోడ్డుకు లోపలగా ఉన్న ఆ తండాలో ఇది అందరికీ తెలిసిన పద్ధతి.

ఎవరికి మొక్కిందో గంగికే తెలుసు. మొన్నటి మాఘమాసంలో ఒక ఉదయం నీళ్ల బిందె ఎత్తబోయి ఆమె పక్కకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

భర్త దేవ్యా ఆమెను మానుకోట పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. పన్నెండు రోజులున్నారు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

“మీరేం అడిగినా తల ఊపుతుంది. అది అవునన్నట్టు కాదు. అవునో కాదో ఇప్పుడు ఆమెకే పట్టు చిక్కదు. ఏడుపు కూడా అంతే, ఊరికే వస్తుంది. భయపడొద్దు.”

“మల్ల మాట వస్తదా అమ్మా?”

“కొందరికి వస్తుంది.”

దారిలో దేవ్యా ఆమెను నీళ్లు కావాలా అని అడిగాడు. ఆమె తల ఊపింది. సీసా నోటి దగ్గర పెడితే ముఖం తిప్పుకుంది. వద్దా అన్నాడు. తల ఊపింది.

ఇంటికొచ్చాక అతను వంట నేర్చుకున్నాడు. జొన్నరొట్టె చేతిలో విరిగిపోయేది. విరిగిన ముక్కలే పాలలో నానబెట్టి ఆమెకు పెట్టేవాడు. పొద్దున్నే పొయ్యి వెలిగిస్తే పొగ లేచేది. మంచంలో పడుకున్న గంగి చూపు ఆ పొగ వెంట పైకి వెళ్లేది. ముడుపు దగ్గర ఆగేది. ఎడమ చెయ్యి కొంచెం లేచేది. ఆమె ఏడ్చేది.

ఊరికే వచ్చే ఏడుపే కావచ్చు. దేవ్యాకు అలా అనిపించలేదు. ఆ ముడుపు కట్టింది అతని కోసమే.

మూడేళ్ల కింద ఫాల్గుణంలో అతని చేనులో మూడో బోరులో కూడా నీళ్లు పడలేదు. ఆ చోట వేయొద్దని గంగి ముందే అంది. బోరు లారీ వెళ్లిపోయాక, తెల్లటి రాతిపొడి మధ్య నిలబడి “చెప్పిన గద” అంది. అంతకన్నా ఏమీ అనలేదు. దేవ్యా తమ్ముడు సోమ్లా నవ్వాడు. మర్నాడు పొద్దున దేవ్యా ఇంట్లో లేడు.

పుణె అవతల రోడ్డు పనికి మనుషులను తోలుకుపోయే మేస్త్రీ వెంట వెళ్లాడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. ఏడు నెలలు కంకర మోశాడు. కబురు చెయ్యలేదు. మొదటి నెల కోపంతో చెయ్యలేదు. తర్వాత సిగ్గుతో చెయ్యలేదు.

ఆ ఏడు నెలలు గంగి వెతికింది. చెల్పూర్ కరెంటు ప్లాంటు దగ్గర అతన్ని చూశామని ఎవరో అంటే భూపాలపల్లి బస్సెక్కి వెళ్లింది. మూడు షిఫ్టులు మారేదాకా గేటు ముందు నిలబడింది. బయటికి వచ్చే ప్రతి మగవాడి ముఖం చూసింది. తిరిగొచ్చి మళ్లీ మానుకోట మిర్చి యార్డులో పనికి పోయింది. ఎర్రకాయల కుప్ప ముందు కూర్చుని రంగుపోయిన తాలు కాయలను ఏరి పక్కన వేయడం ఆమె పని. పని దిగాక దేవుళ్ల దగ్గరికి వెళ్లేది. మంగళవారం హనుమంతుని గుడి. గురువారం దర్గా. ఆదివారం యార్డు లేకపోయినా చర్చి కోసం పోయేది. ఆ రోజుల్లోనే ఒకనాడు ఇంట్లో ముడుపు కట్టింది.

దసరా ముందు రోజు దేవ్యా తిరిగొచ్చాడు. గంగి కాళ్లకు నీళ్లిచ్చింది. అన్నం పెట్టింది. అతను తింటూ ఉంటే దూలం వైపు చూపించింది.

“నువ్వొస్తే ఇద్దరం వస్తమని మొక్కిన. పోయొద్దాం.”

“పత్తి ఏరినంక పోదాం,” అన్నాడు.

పత్తి ఏరారు. మిర్చి కోత వచ్చింది. తర్వాత అతనికి నడుము పట్టేసింది. తర్వాత సోమ్లా కూతురు పెళ్లి. గంగి ఇంకో నాలుగుసార్లు అడిగింది. ఆపైన అడగడం మానేసింది. దేవ్యాకు గుళ్లూ గోపురాలూ పట్టవు. ఆమె లోపలికి పోతే అతను బయట చెప్పుల దగ్గర నిలబడే మనిషి. ఏ దేవునికి మొక్కావని అతను ఒక్కసారి కూడా అడగలేదు.

తండా నుంచి మానుకోటకు షేర్ ఆటో నడిపేది బాబామియా. అరవై దాటిన మనిషి. యార్డు పనికి పోయే ఆడవాళ్లను పదిహేనేళ్లుగా అతనే తీసుకెళ్తున్నాడు. ఆ మొక్కు ఇప్పుడైనా తీర్చాలని దేవ్యా ముందు అతన్నే అడిగాడు.

“నీకు తెల్వదా బాబన్నా? ఏడ దిగేదో చూసినవ్ గద.”

“చూసిన. మంగళారం గుడి కాడ దిగేది. బేస్తారం దర్గా కాడ. ఐతారం చర్చి కాడ. శుక్రారం నేను నమాజుకు పోత. ఆనాడు ఏడికి పోయిందో అల్లాకే తెల్వాలె.”

“ముడుపు ఎవరికో చెప్పలేదా?”

“నీకే చెప్పంది నాకు చెప్తదా?” బాబామియా బీడీ ఆర్పాడు. “నువ్వు మొగుడివా, కరెంటు మీటరు చూసిపోయేటోనివా? నెత్తి మీద ముడుపు యాలాడ్తుంటె కింద కూసోని బువ్వ తిన్నవ్. ఎవరిదే ఇది అని అడగలే?”

దేవ్యా వెళ్లబోయాడు. బాబామియా అతన్ని ఆపి, “తోలుకపోదాం తియ్. ఆమె పోయిన రోజులల్లనే పోదాం. ఏడ ముఖం మారితె ఆడ ఇయ్యి,” అన్నాడు.

మంగళవారం బయల్దేరారు. వెనక సీటులో దేవ్యా, అతని భుజానికి ఆనించి గంగి. ముడుపు అతని ఒళ్లో. మిర్చి రోజులు కావడంతో మానుకోట రోడ్లన్నీ బస్తాల లారీలే. గాలిలో ఘాటు. బజారులో జనం ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. రైల్వే గేటు పడి ఇరవై నిమిషాలు ఆగారు. ఎండ గంగి ముఖం మీద పడుతుంటే దేవ్యా తన తువ్వాలు పట్టాడు.

గుడి రెండు సెల్‌ఫోన్ దుకాణాల మధ్య ఉంది. గంగిని రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కాడు. ఆమె ఇంత తేలిక అని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. జనం తప్పుకుని దారిచ్చారు. బాబామియా చెప్పుల దగ్గర ఆగాడు.

పూజారి గంగిని గుర్తుపట్టాడు.

“యార్డు గంగవ్వ కదా? ఏమైంది?”

దేవ్యా చెప్పాడు.

“నువ్వెవరు?”

“ఆమె మొగుణ్ణి.”

“దేవ్యావా?” పూజారి హారతి పళ్లెం కింద పెట్టాడు. “ఏడు నెలలు నీ పేరు మీద అర్చన చేసిన. గోత్రమడిగితె తెల్వదన్నది. నక్షత్రమడిగితె తెల్వదన్నది. ఒట్టి పేరు సదువు అయ్యగారూ, ఆయనకు అర్థమైతది అన్నది. తీర్థం చేతుల పోయొద్దనేది. మిర్చి చేతులు, నోరు మండుతదని. పైనుంచి నోట్లనే పోసేటోన్ని.”

“మొక్కు గీడిదేనా అయ్యగారూ?”

పూజారి ముడుపును వెలుతురులోకి తిప్పి చూశాడు.

“పసుపుబట్టయితె ఈడిదే. నాకు నలుపే కనిపిస్తున్నది.”

అప్పుడే ఎవరో గంట కొట్టారు. గంగి ఉలిక్కిపడింది. పెదవి వంకర పోయి ఏడ్చింది. ఇదే అనుకున్నాడు దేవ్యా. కాయ ఇవ్వబోయాడు. గడప అవతల నుంచి బాబామియా కేకేశాడు.

“దేవ్యా, జర ఆగు! గంటకు ఏడ్సిందో దేవునికి ఏడ్సిందో ఎట్ల తెలుస్తది? బేస్తారం గూడ చూద్దాం. ఆడ ఏడ్వకుంటె మల్ల ఈడికే తీసుకొస్త.”

పూజారి కూడా తల ఆడించాడు. “నిజమే. ఒకరి మొక్కు ఇంకొకరికిస్తె తీరినట్టు గాదు. చూసుకొని రాపో.”

దర్గా గుమ్మం దగ్గర పూలు, ఊదు, చాదర్లు అమ్మేది మెహరున్నీసా. గురువారం ఆటో ఆగేసరికి ఆమె దుకాణం వదిలేసి వచ్చింది. గంగి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“హాయ్ అల్లా, గంగీ! గీ నోరు ఎవ్వలు కట్టేసిన్రే నీకు?” తర్వాత దేవ్యాను కింది నుంచి పైదాకా చూసింది. “వీడేనా?”

“వీడే,” అన్నాడు బాబామియా.

“నీ పేరు నాకు నోటికొచ్చింది బాబూ. వచ్చుడు, గడప మీద తల పెట్టుడు, దేవ్యా దేవ్యా అనుడు. మొదట్ల తప్పిపోయిన మేకనుకున్న. మొగుడని తర్వాత చెప్పింది. మేకయితె దొరుకుతది, మొగుడైతె కష్టమే అన్న. ఎంత నవ్వింది ఆనాడు!”

దేవ్యా తల దించుకున్నాడు. అతను లేని ఆ నెలల్లో గంగి నవ్విందని అతనికి తెలియదు.

“మొక్కు ఈడిదేనా అమ్మా?”

మెహరున్నీసా ముడుపును వాసన చూసింది. “కట్టెల పొగ. పచ్చబట్ట అందరు నా కాడనే కొంటరు. గంగికి ఇచ్చిన్నో లేదో యాదికి లేదు. ఒక్క బేస్తారం నాడే వంద మందికి ఇస్త. నేను ఇచ్చిన అంటె నువ్వు ఈడనే కొట్టిపోతవ్. అబద్ధం పాపం నాకెందుకు?”

లోపల ఊదు పొగ కమ్ముకుంది. మెహరున్నీసా గంగి తలకు తన కొంగు కప్పి గడప దగ్గర కూర్చోబెట్టింది. గంగి ఏడ్చింది. మంగళవారం కన్నా ఎక్కువసేపు, గొంతు తెరిచి ఏడ్చింది. మెహరున్నీసా కూడా కళ్లు తుడుచుకుంది. బాబామియా రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

శుక్రవారం దేవ్యా కూతురికి ఫోన్ చేశాడు. దీప జనగామలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఇద్దరూ తమ ఇంటి భాషలో మాట్లాడుకున్నారు. అమ్మను ఆ భాషలో యాడి అంటారు.

“యాడి నీకేమన్న చెప్పిందా? ఏ దేవునికని?”

“అడిగిన బాపు. చెప్పలే.”

“ఎందుకు చెప్పలే?”

దీప వెనక ఎవరో చీరల ధర అడుగుతున్నారు.

“మీ బాపు అడిగితె చెప్త అన్నది.”

దేవ్యా ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

“నేనొచ్చిన నాడు నీ ఫోన్ల వీడియో తీసిన్రు గద. ముడుపు కనిపిస్తదేమో చూడు. అప్పటికి అంత పొగ పట్టలేదు. రంగు తెలుస్తది.”

పది నిమిషాలకు ఆమె మళ్లీ చేసింది.

“చూసిన బాపు. అందుల నీ ముఖం తప్ప ఏం లేదు. యాడి తీసిందది.”

ఆదివారం ప్రార్థన అయిపోయాక చర్చికి వెళ్లారు. బెంచీలు ఖాళీ అవుతున్నాయి. ఉపదేశి జయపాల్ పాటల పుస్తకాలు సర్దుతున్నాడు. గంగిని చూసి దగ్గరికి వచ్చాడు. దేవ్యా ఎవరో ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.

“చివరి బెంచీల కూసునేది. ముందుకు రావమ్మా అంటె, నా చీర ఘాటుకు పక్కోళ్లు తుమ్ముతరు అనేది. దూరం పోయినోళ్ల పేర్లు సదివేటప్పుడు నీ పేరు సదివినం. నువ్వొచ్చినంక తనే వచ్చి, ఆ పేరు తీసెయ్యున్రి, ఇంట్ల ఉన్నడు అని చెప్పింది.”

“మొక్కు సంగతి?”

“ఇద్దరం వస్తమన్నది.”

“అన్నదా?” దేవ్యా ముడుపును ముందుకు చాపాడు. “గట్లయితె ఈడిదే.”

జయపాల్ పుస్తకాలు బల్ల మీద పెట్టాడు. “తమ్ముడూ, గా మాట ఆమె ఏడికి పోయినా చెప్పి ఉంటది. మరియమ్మకు కాయ మొక్కేటోళ్లు ఉన్నరు. ఆమె మొక్కిందని మాత్రం నేను చెప్పలేను.”

దేవ్యా గంగిని మరియమ్మ బొమ్మ ముందుకు తీసుకెళ్లి కింద కూర్చోబెట్టాడు. వీపు తన ఛాతీకి ఆనించుకున్నాడు.

“ఈడనేనా?”

ఆమె తల ఊపింది.

“దర్గానా?”

ఊపింది.

“హనుమంతుడా?”

ఊపింది.

“అడగకు తమ్ముడూ,” అన్నాడు జయపాల్. “ఆమెను పరేషాన్ చెయ్యకు.”

దేవ్యా ఏడుపు కోసం ఎదురుచూశాడు. కొవ్వొత్తులు కరుగుతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. గంగి తల మెల్లగా అతని చేతి మీదికి వాలింది. ఆమె నిద్రపోయింది. జబ్బు చేసిన నాటి నుంచి పగటిపూట అంత నిశ్చింతగా నిద్రపోవడం అతను చూడలేదు. ఏడవడం గుర్తా, ఏడవకపోవడం గుర్తా అతనికి తెలియలేదు. ఆమె లేచేదాకా గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. కాలు తిమ్మిరెక్కింది.

తిరుగుదారిలో బాబామియా అద్దంలోంచి చూశాడు.

“ఒక పని చెయ్యి. మూడు కాయలు తీసుకో. మూడు చోట్ల కొట్టు. ఎవరిది వాళ్లకు పోతది.”

“అవి నేను తీసుకున్న కాయలైతయి,” అన్నాడు దేవ్యా. “ఆమె కట్టింది గిదొక్కటే.”

సోమవారం పొద్దున అతను గంగి మంచాన్ని వాకిట్లో వేపచెట్టు నీడలో వేశాడు. ఆమెకు ముఖం కడిగి, తల దువ్వాడు. ముడుపును మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. బట్ట పైన నల్లబడ్డా ముడి లోపలి మడతల్లో రంగు మిగిలి ఉంటుందని రాత్రంతా ఆలోచించాడు. విప్పితే తెలిసిపోతుంది.

ముడి జిడ్డుతో రాయిలా బిగుసుకుంది. గోళ్లతో రాలేదు. పళ్లతో పట్టి లాగాడు. నోట్లోకి మసి చేదు వచ్చింది. చివరికి కొడవలి మొన దూర్చి కదిలిస్తే వదులైంది. మంచం మీద గంగి ఏదో శబ్దం చేసింది. అతను తల ఎత్తి చూశాడు. ఆమె ముడుపు వైపే చూస్తోంది. తల మాత్రం ఊపుతోంది.

మడతలు విప్పాడు. లోపల కూడా నలుపే. ఎండి కుడకైన కాయ లోంచి నూనె ఊరి బట్టకు పట్టింది. బయటి నుంచి పొగ, లోపలి నుంచి నూనె.

ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. అతను ఆగలేదు. వేడినీళ్లు తెచ్చాడు. బట్టల సబ్బు తెచ్చాడు. చప్టా మీద బట్టను పరిచి రుద్దాడు. నల్లటి నీళ్లు కారాయి. మళ్లీ రుద్దాడు. గోధుమరంగు నీళ్లు కారాయి. మూడోసారి రుద్దుతుంటే నురుగులో ఏదో రంగు మెరిసినట్టయింది. పసుపా, ఆకుపచ్చా అని ఎండలోకి ఎత్తి చూసేలోపు నురుగు చితికిపోయింది. బట్టను పిండి, దులిపి, సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాడు. అది పసుపు కాదు. పచ్చ కాదు. తెలుపు కూడా కాదు. ఏ రంగూ లేని బట్ట అది. అవతల ఉన్న వేపకొమ్మలు అందులోంచి కనిపిస్తున్నాయి.

బాబామియా ఆటో వచ్చి ఆగింది. లోపల యార్డుకు పోయే ఆడవాళ్లు ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. బాబామియా దిగి వచ్చి బట్టను చూశాడు. పక్కనే ఉన్న కాయను చూశాడు.

“ఎవ్వలు ఇప్పమన్నరు నిన్ను?”

దేవ్యా బట్టను ఇంకోసారి పిండాడు.

“కట్టిన చెయ్యే ఇప్పాలె గద దేవ్యా. చిన్నపోరగాండ్లకు గూడ తెలుసు గది. ఇగ ఇది ముడుపెట్లయితది? ఒట్టి కాయ.” అతని గొంతు తగ్గింది. “రంగన్న తెలిసిందా?”

“లేదు.”

బాబామియా తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. ఆటోలోంచి ఒకామె, “బాబన్నా, యార్డు గేటు ఏస్తరు, మేస్త్రీ తిడ్తడు!” అని అరిచింది. అతను గంగి పాదాలను ఒకసారి తాకి వెళ్లిపోయాడు.

దేవ్యా బట్టను తీగమీద ఆరేశాడు. కాయ తీసుకుని వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. కాయ కదిలిస్తే లోపల ఎండిన కుడక చప్పుడు చేసింది. అడగడానికి ఇక ఏ పేరూ లేదు. అప్పుడు, రెండున్నరేళ్ల కింద అన్నం ముందు కూర్చుని అడగవలసిన మాట అడిగాడు.

“ఎవరికి మొక్కినవ్ గంగీ?”

ఆమె అతని ముఖంలోకి చూసింది. పెదవుల ఎడమ కొస కదిలింది. మెడలో నరం బిగుసుకుంది. అతను చెవి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. ఊపిరి వచ్చింది. ఇంకోసారి ఊపిరే వచ్చింది. ఆమె వెనక్కి వాలి తల ఊపింది.

“నా మీద కోపమున్నదా?”

తల ఊపింది.

లేదా అని అడగబోయి ఆగిపోయాడు. దానికీ ఊపుతుంది.

ఆమె ఎడమ చెయ్యి అతని ఒళ్లో ఉన్న కాయ మీదికి వచ్చింది. పెట్టిందో, పడిందో అతనికి తెలియలేదు. చెయ్యి జారిపోకుండా కాయను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.